మూడు నిమిషాల తెలివి

మా వ్యానుకు ర్యాంపు ఉంది, పట్టీలు ఉన్నాయి, బడ్జెట్ మాత్రం లేదు. చక్రాల కుర్చీల వాళ్లం ఎనిమిది మందిమి, బండి ఒక్కటి. రెండో బండి ఇప్పించండి మహాప్రభో అంటే, ఉన్న బండినే సమర్థంగా తిప్పుకోండని దాన్ని నడిపే ట్రస్టు వాళ్లు సెలవిచ్చారు. సమర్థత అన్న మాట చెవిన పడితే హైటెక్ సిటీలో మా బోటి సాఫ్ట్‌వేర్ వాళ్లు ఊరుకుంటారా? ఉచితంగా యాప్ రాసిపెడతామని మా ఆఫీసు టీమ్ అంతా ఎగిరి గంతేసింది. నేను ఆ బండిలోనే చందానగర్ నుంచి ఆఫీసుకు వెళ్తాను కాబట్టి నన్ను నిపుణుణ్ణి చేసి కూర్చోబెట్టారు. కూర్చోవడం నాకు కొత్తేమీ కాదు.

అప్పటిదాకా డ్రైవరు పద్ధతి ఒకటే. ఒకరిని ఎక్కించుకుని బయల్దేరగానే తరవాతి వాళ్లకు ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఆ రింగు వినగానే వాళ్లు తయారై వాకిట్లో ఉండాలి. ఎంత నాటు పద్ధతి! తీసి పారేశాను. డ్రైవరు మిస్డ్ కాల్స్ బందు, బండి ఎక్కడుందో యాప్‌లో మ్యాపే చూపిస్తుంది. గుమ్మం ముందు బండి ఆగేది మూడు నిమిషాలు. ఆ లెక్క గాల్లోంచి తీసింది కాదు, సాక్షాత్తూ నేనే మా అపార్టుమెంటులో స్టాప్‌వాచ్ పెట్టుకుని కొలిచాను. ఆలోగా రాకపోతే 'ప్రయాణికులు రాలేదు' అని ఎర్ర గుర్తు. మూడు ఎర్ర గుర్తులు పడితే యాపే జాబితాలోంచి పేరు తీసేస్తుంది. క్రమశిక్షణ ఉండాలి కదా మరి.

మొదటి వారం ఇంటి నుంచే పని చేస్తూ, బండిని తెర మీద నీలం చుక్కగా చూసుకున్నాను. అబ్బ, ఎంత ముద్దుగా కదిలేదో! ఎక్కడా ఆలస్యం లేదు. ఆఫీసులో కేకు కోశారట, నా ముక్క ఫొటో పంపారు. బోరబండలో ఒకామె పేరు పక్కన రెండు ఎర్ర గుర్తులు కనిపించాయి. ఎవరో బద్ధకస్తురాలు అనుకున్నాను.

సోమవారం నేనూ బండెక్కాను. బోరబండ సందులో ఆపి హారన్ కొట్టి, డ్రైవరు తల బయటపెట్టి పైకి చూస్తున్నాడు.

"ఎవరి కోసం?" అన్నాను.

"డయాలసిస్ అమ్మ, సార్. పోయిన వారం రెండుసార్లు ఇడిచిపెట్టి పోయిన. మీ యాప్ పొమ్మన్నది. నడుమ ఒక్కనాడు ఎవరో కారుల తీస్కపోయిండ్రట. ఇయ్యాల గూడ పోతే ఇగ ఆమె పేరుండదు. ఆటోల కూసోలేదు సార్. దవాఖానకు ఎట్ల పోతది?"

"టైముకు కిందికి రావచ్చు కదా?"

"ఆమెది రెండో అంతస్తు సార్. మిస్డ్ కాల్ ఇస్తెనే పక్కింటోళ్లు నలుగురు జమై కుర్చీతోటి దించుతరు. ఇప్పుడు హారన్ ఇన్నంకనే మొదలువెడుతున్రు. ఆమెది చిన్న ఫోను, దాంట్ల మీ మ్యాపు యాడికెల్లి వస్తది?"

డ్రైవరు ఫోనులో సెకన్లు తరిగిపోతున్నాయి. మెట్ల మీద కాళ్ల చప్పుడు, "జర పైలం, పైలం" అని కేకలు. ఇంతలో యాప్ 'బయల్దేరండి' అని మొత్తుకుంది.

"ఆ ఫోను ఆపెయ్. నేను చూసుకుంటా" అన్నాను.

చెమటలు కక్కుతూ నలుగురూ ఆమెను దించారు. మొహం, కాళ్లు వాచిపోయి ఉన్నాయి. ర్యాంపు ఎక్కి నా పక్కకు రాగానే ఆమే నన్ను బతిమాలుకుంది.

"నా మూలాన నీకు ఆలస్యమాయె బిడ్డా. ఏమనుకోకు."

తల తీసేసినట్టయింది. "లేదమ్మా, ఆ మూడు నిమిషాలు పెట్టింది నేనే" అన్నాను.

తిడితే బాగుండు. ఆమె తిట్టలేదు. నా కుర్చీ వంక, నా కాళ్ల వంక చూసి, నిజంగానే అర్థంకాక అడిగింది.

"నువ్వు గూడ కుర్చీల ఉన్నోనివే గద బిడ్డా. మీ ఇంటికి మెట్లు లేవా?"

"లిఫ్టు ఉందమ్మా" అన్నాను.