ఒక్కపొద్దుకు ఆపిన సూది

గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె కాళ్లలో సత్తువ లేదు. సీసాలోని కొబ్బరినీళ్లు మాత్రం ఆగకుండా తాగుతోంది.

“షుగరున్నదన్నా. దీక్ష పట్టి ఒక్కపొద్దులుంటున్న. ఇన్సులిన్ సూది గుచ్చితే దీక్ష చెడతదని, దీక్ష ఇచ్చిన సామి బంద్ జెయ్యమన్నడు. కొబ్బరినీళ్లు తాగమన్నడు.”

నాకు ఒళ్లు మండిపోయింది. రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి పంపేది ఇన్సులిన్. అది ఆపితే పొటాషియం రక్తంలోనే పేరుకుంటుంది. కొబ్బరినీళ్లు దాన్ని ఇంకా పెంచుతాయి. హద్దు దాటితే కాళ్లు చచ్చుబడతాయి, గుండె ఆగిపోతుంది. ఇదంతా బస్సంతా వినేలా అరిచాను.

“నా మీద గరమైతవేందన్నా? గా సామికి గూడ షుగరే. రోజూ సూది ఏసుకుంటడు.”

“మరి ఆయన దీక్ష చెడదా అక్కా?”

ఆమె సీసాలో మిగిలిన నీళ్లు కిటికీలోంచి పారబోసింది.

“కండక్టరన్నా, జర దవాఖాన కాడ ఆపు” అని కేకేసి, నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు గూడ రా. నాకు చెప్పనీకి రాదు. డాక్టరు ముంగట గిట్లనే అరిచి చెప్పు.”

వెళ్లాను. రక్తపరీక్ష చూసిన డాక్టరు నాకంటే గట్టిగా అరుస్తూనే ఆమెకు ఇన్సులిన్ ఎక్కించాడు.