సేలు పిన్ని కప్ప గొడుగులు

సేలు పిన్నికి ఆ పేరు ఊరికే రాలేదు. నాలుగు వీధుల అవతలున్న పెద్ద దుకాణంలో ఏ వస్తువు మీద ఎప్పుడు ఎర్ర స్టిక్కరు పడుతుందోనని కాచుకుని కూర్చోవడమే ఆవిడ పని. ఎర్ర స్టిక్కరంటే సగం ధర. ఆ ధరకు కొని తెచ్చి, జుట్టు ఆరబెట్టుకునే మిషను వేడితో మచ్చ పడకుండా స్టిక్కరు ఊడదీసి, కిటికీ పక్కన తెల్ల దుప్పటి పరిచి ఫోటో తీసి, ఫోన్లో ఉన్న తన కొట్టులో ముప్పావు ధరకు పెడుతుంది. కొన్నవాళ్ళకీ లాభమే, పిన్నికీ లాభమే. నష్టమల్లా బాబాయికే. బస్సు నడిపి రిటైరైన ఆ మనిషి కాళ్ళు చాపుకుందామంటే ముందుగదిలో చోటు లేదు. సోఫా మీదా అట్టపెట్టెలే, సోఫా కిందా అట్టపెట్టెలే, ఆయన చేతిలో ఎప్పుడూ టేపే.

"నన్నూ ఓ ఫోటో తీసి అమ్మకానికి పెట్టరాదూ, పీడా పోతుంది" అంటాడాయన.

"పెట్టొచ్చు గానీ, తీసుకున్నవాళ్ళు మర్నాడే వాపసు పంపేస్తారండీ" అంటుంది పిన్ని.

పిన్నికి ఇంకో విద్య కూడా ఉంది. సరుకు మీద మొదట పసుపు స్టిక్కరు పడుతుంది, అంటే ఏదో కాస్త తగ్గింపు. అప్పటికీ అమ్ముడుపోనివాటికి మంగళవారం ఎర్రది వేస్తారు. పసుపు స్టిక్కరు మీద ఉండగానే తనకు నచ్చినదాన్ని ఎవరూ తొంగిచూడని మూలకు చేర్చి, మంగళవారం దాకా ఓపిక పడుతుంది. తప్పు కాదా అని ఎవరైనా అంటే, "దొంగతనం చేశానా? చోటు మార్చానంతే" అని ఎదురు తిరుగుతుంది.

ఈ విద్యను కడుపులో పెట్టుకుంటే బాగుండేది. పెట్టుకోనిచ్చిందెవరు? కూతురి అత్తగారు ఒకనాడు ఇంటికొచ్చి, ఆ అట్టపెట్టెలన్నీ చూసి, "ఏముంది వదినగారూ ఇందులో, మిగిలిపోయిన సామాన్ల బేరమేగా" అని మూతి తిప్పింది. పిన్నికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆవిడను అప్పటికప్పుడు దుకాణానికి లాక్కెళ్ళి, సూట్‌కేసుల వెనక తాను దాచిన పిల్లల గొడుగులు చూపించింది. మొత్తం ఎనిమిది. ఆకుపచ్చ గుడ్డ, పైన గుండ్రంగా రెండు కప్ప కళ్ళు.

"మంగళవారం ఇవన్నీ నావి" అంది గొప్పగా.

"ఓహో" అంది వియ్యపురాలు. ఆ ఓహోలో ఎంతుందో పిన్ని చెవికి అప్పుడు ఆనలేదు.

గొప్ప అంతటితో ఆగిందా? ఇంకా కొనకముందే గొడుగు ఫోటో కొట్టులో పెట్టేసింది. ఆదివారం ఓ పంతులమ్మ ఎనిమిదీ కావాలని ఆర్డరు పెట్టింది. పిల్లల చేత వాన నాటకం ఆడిస్తోందట, శుక్రవారానికి అందాలట. పిన్ని గంతేయబోయి ఆగింది. ఈ మధ్యే రెండు ఆర్డర్లు ఇవ్వలేక రద్దు చేసింది. మూడోది కూడా రద్దయితే కొట్టు మూసేస్తామని ఆ యాప్ కంపెనీవాళ్ళు ఫోనుకు హెచ్చరిక పంపారు. నాలుగేళ్ళు నడుం విరగ్గొట్టుకుని నిలబెట్టిన కొట్టు ఇప్పుడు ఎనిమిది కప్పల మీద ఆధారపడింది.

మంగళవారం బస్సు కాస్త ఆలస్యమైంది. పిన్ని పరుగున వెళ్ళి సూట్‌కేసులు జరిపి చూస్తే, వెనక గోడ తప్ప ఏమీ లేదు.

"అదేంటి పిన్నీ, తలుపు తీయగానే మీ వదినగారొచ్చి కొనుక్కెళ్ళారుగా! మీరే పంపారన్నారు" అంది సేల్సుపిల్ల.

"అవునవును, నేనే పంపాను. మర్చేపోయాను" అంది పిన్ని. పరాయిపిల్ల ముందు పరువు పోగొట్టుకునే రకం కాదు ఆవిడ.

పిన్ని అట్నుంచటే కూతురింటికి వెళ్ళేసరికి వియ్యపురాలు హాల్లో నేల మీద కూర్చుని, స్టిక్కర్లను కూరగాయల కత్తితో గీకుతోంది. తనూ ఓ కొట్టు తెరిచిందట.

"రండి వదినగారూ, మంచినీళ్ళిమ్మంటారా?"

"నీళ్ళకేం తొందర. ముందా కత్తి కింద పెట్టండి. గుడ్డకు చిల్లు పడితే గొడుగని కాదు, జల్లెడని అమ్ముకోవాలి."

"నా గొడుగు, నా కత్తి."

"అవి నేను దాచుకున్నవి!"

"దాచారు, కొనలేదుగా? మీ పేరేమైనా రాసుందా వాటి మీద?"

పిన్ని ఆవిడ ఎదురుగా చతికిలబడింది. చివరికి పంతులమ్మ సంగతీ, కొట్టు మూసేస్తారన్న సంగతీ చెప్పి, "కొన్నదాని మీద ఎంత వేసుకుంటారో వేసుకోండి" అంది.

"మన మధ్య లాభమేమిటి వదినగారూ! కొన్న ధరే ఇవ్వండి" అని తియ్యగా నవ్వింది వియ్యపురాలు. "ఒక్క మాట మాత్రం కావాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ మీ అమ్మాయిది ఒకటే పాట. చీపురు కొన్నా 'మా అమ్మయితేనా', చేట కొన్నా 'మా అమ్మయితేనా'. చెవులు చిల్లులు పడ్డాయి. పిలుస్తాను, బేరంలో మీకంటే నేనే గట్టిదాన్నని దాని ముందు చెప్పండి. గొడుగులు పట్టుకెళ్ళండి."

పిన్ని చివాలున లేచి గుమ్మం దాకా వెళ్ళింది. చెప్పులు తొడుక్కుంది. ఒక చెప్పు విప్పింది. రెండోదీ విప్పి, వచ్చి కూర్చుంది.

కూతురు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏంటమ్మా?"

"ఏం లేదు. బేరంలో మీ అత్తగారు... నాకంటే కాస్త గట్టి."

"కాస్త అనుకోలేదు వదినగారూ మనం!"

"గట్టి! నాకంటే గట్టి! చాలా?"

కూతురు గబగబా వచ్చి తల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఒంట్లో బాగానే ఉందా? ఆటో పిలవనా?"

"పిలువు. గొడుగులు మోసుకెళ్ళాలి."

ఇంటికి రాగానే పిన్ని మిగిలిన స్టిక్కర్లు ఊడదీసి, కత్తితో గీకిన చోట మిగిలిన జిగురు మరకలు మెత్తటి గుడ్డతో తుడిచి, కప్పల్ని వరుసగా పెట్టెలో పడుకోబెట్టింది. కింద కొరియరతను హారను మోగిస్తున్నాడు.

"మొత్తానికి సగం ధరకే కొట్టుకొచ్చావన్నమాట" అన్నాడు బాబాయి.

"సగమా! ఇంత ఖరీదైన సరుకు నా జన్మలో కొనలేదు."

"అంతగా ఎంత పెట్టావేమిటి?"

"మీకెందుకు? టేపు కోయండి."