ఎర్ర చుక్క ఉన్న ట్రాన్సిస్టర్లు

మా చెల్లెలి కొడుకు తట్టు వచ్చి పోయాడు. నాలుగేళ్లవాడు. ఆ తరవాత వారానికే తుపాను. ఇంటి పెంకులు లేచిపోతున్నా చెల్లెలు మూల మంచం వదల్లేదు. ఒళ్లో పదినెలల ఆడపిల్ల. ఆ పిల్లకైనా తట్టు రాకుండా సూదిమందు వేయించడం ఒక్కటే అప్పుడు మా అందరి మనసులోనూ ఉన్నది.

అవి ఎనభైల చివరి రోజులు. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన ఊళ్లవాళ్ల కోసం గాజువాక అవతల కట్టిన కాలనీలో చెల్లెలి కాపురం. కాలనీ చివర రెండు గదుల ఆరోగ్య కేంద్రం. అందులో ఒక నర్సు, ఒక ఆయా. ఏదో పథకం కింద కప్పు మీద సోలార్ పలకలు పెట్టి, గదిలో బ్యాటరీలు, ఒక ఇన్వర్టర్, సూదిమందులు ఉంచడానికి చిన్న ఫ్రిజ్ ఇచ్చారు. ఎండ వల్ల పుట్టిన కరెంటు బ్యాటరీల్లో నిలవుంటుంది. దాన్ని ఫ్రిజ్‌కి పనికొచ్చే కరెంటుగా మార్చేది ఇన్వర్టర్. తుపానుకి కరెంటు స్తంభాలు వరసగా పడిపోయినా ఆ ఫ్రిజ్ నడిచింది. రెండోరోజు పిడుగులు పడ్డాక అదీ ఆగింది.

నేను వెళ్లేసరికి నర్సు ఫ్రిజ్ తలుపు తీయడానికి కూడా భయపడుతోంది.

"ఇంటికెళ్లి చూశాను, పాపకి జ్వరం ఉందండి. తగ్గకుండా సూది వెయ్యను. శుక్రవారం తీసుకురమ్మని మీ చెల్లెలికి చెప్పాను. కానీ అప్పటిదాకా మందు చల్లగా ఉండాలి. లోపలున్న ఐసు ఈ సాయంత్రం దాకా కూడా ఆగేలా లేదు. ఇది పాడైతే మళ్లీ ఎప్పుడిస్తారో తెలీదు," అంది.

నాది పోర్టు ఎలక్ట్రికల్ వర్క్‌షాపులో ఉద్యోగం. క్రేన్ల మోటార్లు విప్పి బిగించడం వచ్చు గానీ ఇన్వర్టర్ కడుపులో ఏముంటుందో నాకు అంతగా తెలీదు. పోర్టు పక్క పాత ఊళ్లో రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్న నా స్నేహితుణ్ణి సైకిలు మీద వెంటబెట్టుకొచ్చాను. అతను సాయిబు, నేను కాపుని. చిన్నప్పటినుంచీ "బావా" అంటే "బావా" అనుకోవడమే.

మూత విప్పి చూసి అతను నా వైపు తిరిగాడు.

"ఏటి బావా ఇది? నంబర్లన్నీ గీకీసినాడు!"

లోపల కరెంటుని మార్చే పెద్ద ట్రాన్సిస్టర్లు నాలుగు, ఇనప టోపీల్లాంటివి. ఒక్కదాని మీదా అక్షరం మిగల్లేదు.

"ఎవడైనా కాపీ కొట్టేస్తాడని తయారుచేసినవాడి భయం," అన్నాను.

"కాపీ మాట దేవుడెరుగు. బాగుసేసీవోడి కళ్లు పొడిసీనాడు."

మీటరు పెట్టి చూశాడు. రెండు చచ్చిపోయాయి, రెండు బతికున్నాయి. బతికినవాటి నెత్తి మీద చిన్న ఎర్ర చుక్కలున్నాయి. చచ్చినవాటి మీద లేవు.

"రెండు రకాలు బావా. సుక్కున్నది ఒక రకం, లేనిది ఇంకో రకం. జత సేసి ఏసినాడు," అన్నాడు.

నాకూ అదే సరి అనిపించింది. మా వర్క్‌షాపులో మోటారు చుట్టల కొసలు కలిసిపోకుండా రంగు చుక్కలు పెట్టే అలవాటు మాకుంది. చుక్క కనిపిస్తే దానికో అర్థం ఉంటుందన్నది ఏళ్ల తరబడి చేతికి పట్టిన నమ్మకం.

కంచరపాలెంలో పాత సామాన్ల దుకాణాల నుంచి అతను ఓడల వైర్‌లెస్ సెట్లు కొని విప్పి, పనికొచ్చేవి బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. వస్తూ ఆ డబ్బా వెంట తెచ్చుకున్నాడు. అందులోవీ ఉప్పుగాలికి తుప్పు పట్టి నంబర్లు పోయినవే. ఎన్నో ఉన్నాయి గానీ ఏది కావాలో ఎలా తెలుస్తుంది? చచ్చిన రెండూ తాము ఏ రకమో చెప్పవు. బతికినవి వేరే రకమైతే వాటినడిగి లాభం లేదు. పిడుగు తిన్న ఫ్యూజు ఎప్పుడో మార్చేశాం. ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చుండిపోయాం. నర్సు ఒకసారి ఫ్రిజ్ లోపల చెయ్యి పెట్టి, వెంటనే మూసేసింది.

ఆయా టీ గ్లాసులు తెచ్చింది. మా మధ్య విప్పి పడున్న పెట్టెను వంగి చూసింది.

"నానెట్టిన బొట్టు ఇంకా సెక్కుసెదరనేదు సూడండి బాబూ!"

"ఏ బొట్టు?" అన్నాను.

"దసరాకి. మూత తీసి తుడిసినప్పుడు నాలుగింటికీ ఎట్టాను. మెషీన్లకి పూజ సెయ్యొద్దేటి?"

మా స్నేహితుడు గ్లాసు కింద పెట్టేశాడు. చచ్చిన ట్రాన్సిస్టర్ ఒకటి తీసి ఎండలో తిప్పి చూస్తే, మాడిపోయిన కుంకం నల్లటి మరకగా కనిపించింది. పిడుగు దెబ్బకి వేడెక్కి రంగు పోయింది, అంతే. నాలుగూ ఒకటే రకం. అయితే బతికిన రెంటినీ కొలిచి, వాటికి దగ్గరగా ఉన్నవి డబ్బాలోంచి ఏరుకోవచ్చు.

ఆయా మొహం పాలిపోయింది. "నా బొట్టు వల్లే సచ్చిపోనాదా బాబూ? పిల్లల మందు నానే పాడు సేసీసినానా?"

"లేదు తల్లీ, పిడుగు పడితే ఎవురేం సేత్తారు?" అన్నాడతను. "నీ బొట్టు నేకపోతే మేం పొద్దుగూకేదాకా ఈ డబ్బాలోనే యెతుకుతుందుం."

ఒక్కొక్కటే మీటరుకు పెట్టి అతను చెబుతుంటే నేను వేరు చేశాను. చివరికి రెండు దగ్గరగా వచ్చాయి. బిగించాక నేరుగా బ్యాటరీకి కలపనివ్వలేదు నేను. మధ్యలో లారీ హెడ్‌లైటు బల్బు పెట్టాను. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది గాని సామాను మాడదు. వెలిగింది. కొత్త ట్రాన్సిస్టర్ అడుగున కరెంటు దాటకుండా వేసే అభ్రకం రేకు చిరిగి ఇనుము ఇనుముకి తగులుతోంది. నర్సు తన పాత ఇస్త్రీ పెట్టె ఇచ్చింది. అందులోని అభ్రకం కత్తిరించి వేశాం. ఈసారి బల్బు ఒక్కసారి మెరిసి మందగించింది. బల్బు తీసేశాం. ఫ్రిజ్ గుర్రుమంది.

కొత్తవి మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. కాసేపు నడిపి కాసేపు ఆపాలని అనుకున్నాం. నడిచినంతసేపూ ఆయా తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చుంటానంది.

"సాయిబు మీద నమ్మకం నేకపోతే మీ అప్పన్నసామికి మొక్కుకో," అన్నాడతను.

"అది మీరు రాకముందే మొక్కీసినాను బాబూ," అంది.

శుక్రవారానికి పాప జ్వరం దిగింది. చెల్లెల్ని నేనే దగ్గరుండి తీసుకెళ్లాను. పిల్లాడు పోయాక ఆమె గడప దాటడం అదే మొదలు. దారంతా తల ఎత్తలేదు. నర్సు సీసాలోని పొడి మందు కలిపి పాప చేతికి సూది వేసింది. పాప ఏడ్చింది. చెల్లెలు గోడ వైపు చూస్తూ నిలబడింది.

గదిలో మరో ఇద్దరు తల్లులే ఉన్నారు. తట్టు అమ్మవారి పని, సూది వేయిస్తే ఆమెకి కోపం వస్తుందని కాలనీలో చాలామంది రాలేదు.

"సీసాలో ఇంకా ఉందే?" అంది చెల్లెలు. ఆ రోజు ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"కలిపింది సాయంత్రం దాకా ఉంచకూడదమ్మా. మిగిలింది పారబోయాల్సిందే," అంది నర్సు.

"పారబోసెత్తారా?"

నర్సు జవాబు చెప్పేలోపు చెల్లెలు పాపని నా చేతుల్లో పెట్టింది. "అన్నియ్యా, దీన్ని పట్టుకో," అని చెప్పుల్లేకుండానే బయటికి వెళ్లిపోయింది.

నేను గుమ్మంలో నిలబడ్డాను. మొదటి వీధిలో ఒక తలుపు, పక్కది, ఆ పక్కది, వరసగా తడుతోంది.

"ఒలే, పిల్లని తీసుకురాయే! నా కొడుకుని సూసినావు కదే!"

ఒక తలుపు తెరుచుకోలేదు. ఆమె అక్కడే నిలబడి కొడుతూనే ఉంది. చాలాసేపటికి లోపలినుంచి ఒకావిడ బిడ్డని ఎత్తుకుని వచ్చింది. చెల్లెలు ఆమెని ముందు నడిపించి, మళ్లీ పక్క తలుపు దగ్గరికి వెళ్లింది.