చౌరస్తా తలుపులు మూయించిన సారు

మా పక్కింటి సారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. మలక్‌పేట దవాఖాన నుంచి మా బిడ్డ ఫోన్ చేసి, "నాయినా, సారు లేడే" అని ఒక్క మాటే అంది. అంతకు ముందు వారమే దానికి మా సిటీ తూర్పు దిక్కు ట్రాఫిక్ సిగ్నళ్ళన్నీ చూసుకునే ఆఫీసరుగా ప్రమోషన్ వచ్చింది. మంచం మీదున్న సారు నోట్లో నా చేత్తో నేనే పాలకోవా పెట్టాను. అందుకని చదివేవాళ్ళు మన్నించాలి. ఏడుస్తూ రాస్తున్న ఈ నాలుగు ముక్కల్లోకి నా సంతోషం కూడా పొంగి వస్తుంది, ఆపడం నాకు చేతకాదు.

నేను గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిలు అమ్మినవాణ్ణి. సారు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఇంజనీరు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా సిగ్నళ్ళు చూసేవారు. వీధి చివరికి పెరుగు ప్యాకెట్ కోసం పోయినా హెల్మెట్ పెట్టుకునేవారు.

"ఏం సారూ, పెరుగు గిట్ల మీద పడ్తదా?" అని నేను ఆటపట్టిస్తే, "పెరుగు కాదండీ, మీ బత్తాయిల బండి!" అనేవారు.

మా బిడ్డ ఇంజనీరింగ్ చదివేటప్పుడు సాయంత్రాలు తన వరండాలో కూర్చోబెట్టుకుని పని నేర్పారు. ఆ చేతులకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

తెలంగాణ ఉద్యమం గట్టిగా నడుస్తున్న రోజులు. ఒకనాడు బిడ్డ ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"సారూ, జర ఇది చూడుండ్రి. మన చౌరస్తా సిగ్నల్ పెట్టె లోపలికి పాస్‌వర్డ్ లేకుంటనే పోయిన."

నాకు అర్థమయ్యేట్టు తర్వాత చెప్పింది. దీపాలను నడిపే ఆ పెట్టె బిగించేటప్పుడు లోపాలు వెతకడానికి ఇంజనీర్లు లోపలికి ఒక దొడ్డిదారి ఉంచుకుంటారట. డీబగ్ అంటారట దాన్ని. పని కాగానే మూసెయ్యాలి. మూయకపోతే ఎవడైనా ఎక్కడో కూర్చుని ఒక వైపు ఎర్రదీపం అట్లాగే ఆపెయ్యగలడు. దవాఖానకు పోయే అంబులెన్స్ అక్కడే ఇరుక్కుపోతుంది.

సారు నవ్వారు. "అది నేనే ఉంచానమ్మా. బంద్ రోజు చౌరస్తాకి వెళ్తే రాళ్ళు పడతాయి. ఆఫీసులోంచే పసుపు లైటు పెట్టేస్తాను. మా ఆఫీసువాళ్ళంతా అలాగే చేస్తున్నారు."

"మీకు తెరుసుకునే తలుపు మీకొక్కరికే తెరుసుకుంటదా సారూ?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "పైవాళ్ళకి చెప్పాలి" అన్నారు.

నేను మధ్యలో అడ్డుపడ్డాను. "వద్దు సారూ! సప్పుడు చేయకుంట మూసెయ్యుండ్రి. గీ టైములో చెప్తే, ఆంధ్రోడు కావాలనే తెరిచి పెట్టిండంటరు. నౌకరీ పోతది."

"నాది నేను మూసుకుంటానండీ. మిగతా పెట్టెలు ఎవరు మూస్తారు?"

చెప్పేశారు. నేను భయపడ్డట్టే అయింది. "సిటీని ఆగం చేద్దామనుకున్నవా?" అని ఆఫీసులో ఒకరు మొహం మీదే అడిగారట. విచారణ నడిచినన్నాళ్ళూ ఆయన్ని రోడ్డు పనికి పంపలేదు. మా బిడ్డ వెక్కివెక్కి ఏడిస్తే ఆయనే ఊరుకోబెట్టారు. "తప్పు చేసినవాడు తన పేరు తనే ముందు చెప్పాలమ్మా. లేకపోతే అందరూ తప్పుని వదిలేసి మనిషిని వెతుకుతారు" అన్నారు.

చివరికి అన్ని పెట్టెలూ సరిచెయ్యమని ఆర్డరు వచ్చింది. ఆ పని ఆయనకే అప్పగించారు. మా బిడ్డనూ వెంట తీసుకెళ్ళారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఛాయ్ బండి అతను కేకేశాడట: "ఏం సారూ, సిగ్నళ్ళకు గూడ బంద్ పెడుతుండ్రా?"

"సిగ్నళ్ళకి కాదయ్యా, దొంగలకి!" అన్నారట. ఈ మాట చెప్పుకుని మా ఇంట్లో ఎన్నిసార్లు నవ్వుకున్నామో!

సారు ఆఖరి ప్రయాణంలో మేమెక్కిన బండి ఎల్బీనగర్ చౌరస్తాలో ఎర్రదీపం దగ్గర ఆగింది. డ్రైవర్ వెనక్కి తిరిగి, "మేడమ్, అంతా మీ చేతిలనే ఉన్నది గద. ఒక్క ఫోన్ కొట్టుండ్రి, పచ్చ అయితది" అన్నాడు.

బిడ్డ కళ్ళు తుడుచుకుంది. "ఆగుదాం అన్నా."

మా ముందు నుంచి కూరగాయల సంచితో ఒక ముసలమ్మ రోడ్డు దాటుతోంది. సగం దారిలో బండి మీది పూలు చూసి నిలబడింది. సంచి కింద పెట్టి సారుకు దండం పెట్టింది. మళ్ళీ ఎత్తుకుని, మెల్లగా అవతలి ఒడ్డు చేరింది. అప్పటిదాకా దీపం ఎర్రగానే ఉంది.