డెబ్బై కిలోల నెగటివ్

మా అప్ప, అదే మా అక్క, చిన్నప్పుడు బరువులెత్తేది. మా వైపు ఆడపిల్లలకు అదేమంత వింత కాదు. విజయనగరం చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ తెల్లారేసరికి పిల్లలు బార్ పట్టుకుని వరసగా నిలబడతారు. కానీ పెళ్లయి శృంగవరపుకోట వెళ్లాక అప్ప ఆ కబురెత్తితే వాళ్లత్త పకపకా నవ్వేది. కిరాణా కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆ పెద్దావిడకు, తన కోడలు డెబ్బై కిలోలు తలపైకి ఎత్తిందంటే ఏనాడూ నమ్మబుద్ధి కాలేదు.

ఇన్నాళ్లూ అది ఇంట్లో వేళాకోళం మాత్రమే. ఈమధ్య అప్ప కూతురికి విజయనగరంలో బరువులెత్తడం నేర్పే హాస్టల్లో సీటొచ్చేసరికి వ్యవహారం ముదిరింది.

"ఆడగుంటకి ఆ బరువులేటి? నడుం ఇరిగిపోద్ది. మీ యమ్మ ఎత్తీసిందంట! ఎవులు సూసినారు?" అని పిల్ల నాయనమ్మ అడ్డం తిరిగింది. ఆ ఇంట్లో ఆవిడ ఊఁ అనందే ఏదీ జరగదు. పిల్ల అన్నం మానేసి ఏడుస్తోందని అప్ప ఫోన్ చేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. రాజాంలో నాదీ మావారిదీ ఫొటో స్టూడియో. అప్ప ఆ డెబ్బై ఎత్తిన పోటీలో మా నాన్న తీయించిన ఫొటో ఏనాడో చెదలపాలైంది గానీ, నెగటివ్ నా దగ్గరే ఉంది. అందులో అప్ప తలపైన బార్, వెనక గోడకు నల్లబల్ల, దానిమీద ఎత్తిన బరువు సుద్దముక్కతో రాసి ఉంటుంది. ఆ అంకె చూపిస్తే ఆవిడ నోరు మూతపడుతుంది కదా అనుకున్నాను.

మేము కొత్తగా కొన్న చిన్న స్కానర్ డబ్బా మీద ఇరవై రెండు మెగాపిక్సెల్స్ అని ఇంతింత అక్షరాలతో ఉంటుంది. నెగటివ్ పెట్టగానే చిటికెలో బొమ్మ వచ్చింది. పెద్దది చేస్తే అంకె ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. మసక బొమ్మల్ని స్పష్టం చేస్తుందనే సాఫ్ట్‌వేర్‌కి దాన్ని అప్పగించాను. ఓలమ్మో! అంకె అచ్చుగుద్దినట్టు తేలింది. డెబ్బై కాదు, తొంభై! మా అప్ప తగ్గించి చెబుతోందేమో అని పొంగిపోయి, ప్రింటు తీసి కోట బస్సెక్కాను.

పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని చూసింది. "తొంబయ్యే! ఒసే, నువ్వు మడిసివేటే?" అంది కోడలితో. పిల్ల మొహం వెలిగిపోయింది. అప్పుడు మా అప్ప ఆ ప్రింటు చేతిలోకి తీసుకుంది.

"కాదత్తా. తొంబై నానెత్తనేదు. డెబ్బయ్యే. ఇది తప్పు."

ఊరుకోవే తల్లీ అని పక్కనుంచి గిల్లాను. ఊహూఁ.

"ఎత్తనిది ఎత్తినానని ఎలా సెప్పుకోనే?" అని నామీదే కసిరింది.

పెద్దావిడ ప్రింటు బోర్లా పెట్టి కొట్లోకి వెళ్లిపోయింది. పిల్ల లోపల తలుపేసుకుంది. తిరుగు బస్సులో దారంతా అప్పను తిట్టుకుంటూనే ఉన్నాను. అలా తిట్టుకుంటూనే, ఇలాంటిది నాకు అప్ప అయిందని గర్వపడ్డాను కూడా.

ఇంటికొచ్చాక నా కోపం స్కానర్ మీదికి మళ్లింది. డబ్బాలోని కాగితం చదివితే అసలు సంగతి బయటపడింది. దాని సెన్సర్ నిజంగా చూసేది పద్నాలుగు మెగాపిక్సెల్సే. మిగతా చుక్కలు పక్క చుక్కల్ని బట్టి కల్పించుకున్నవి. ఆ మసకమీద సాఫ్ట్‌వేర్ మరికాస్త కల్పించింది. ఒక కోతలరాయుడికి ఇంకో కోతలరాయుడు తోడు!

మావారు అమ్మేద్దామని మూలన పడేసిన పాత ఫిల్మ్ స్కానర్‌ని దులిపి, దానికి నప్పే పాత కంప్యూటర్‌ని కూడా లేపాను. అంగుళానికి నాలుగు వేల చుక్కలు, అంతే దాని గొప్ప. లెక్కేస్తే ఇదీ ఇరవై రెండు మెగాపిక్సెల్స్‌కి దగ్గరే, కానీ ఒక్క చుక్కా కల్పితం కాదు. సెన్సర్ సన్నటి గీతంత. ఒక వరస చూసి, వెంట్రుకవాసి జరిగి, మరో వరస చూస్తుంది. కుయ్ కుయ్ మంటూ ఎంతసేపు పని చేసిందో! కనిపించింది కనిపించినట్టు, కనిపించనిది ఖాళీగా. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. మా అప్పకు తగ్గ యంత్రం.

ఈసారి అంకె నున్నగా లేదు. సుద్ద అరిగినచోట గీత తెగి ఉంది. రాసినాయన ఏడుకి తల గుండ్రంగా చుట్టాడు, తొమ్మిదిలా తోచింది అందుకే. డెబ్బై! పళ్లు బిగించిన అప్ప ముఖం చూసి నా కళ్లు చెమ్మగిల్లాయి.

మర్నాడే మళ్లీ కోట వెళ్లి ప్రింటు అందించాను. పెద్దావిడ దానివంక చూడనైనా చూడలేదు.

"అది ఒగ్గీయే. గెలిసీసిన కాడ కాదని సెప్పిన మడిసి, డెబ్బై ఎత్తినానంటే ఎత్తినట్టే" అని కోడలి వైపు తిరిగింది. "ఇన్నేళ్లూ నిన్ను అబద్దాలదానివన్నాను గదే. గుంట బట్టలు సర్దీసినాను. నువ్వే ఎల్లి దింపీసి రా."

మా అప్ప అక్కడే బియ్యం బస్తా మీద కూలబడి, ఇన్నేళ్ల ఏడుపూ ఒక్కసారే ఏడ్చేసింది.