మందా, నీళ్లా?

గౌలిపుర మొగులయ్య చెయ్యి ఇప్పటికీ మాటిమాటికీ కుడిచెవి మీదికి పోతుంది. అక్కడ బీడీ ఉండదు. మానేసి ఆరేళ్లయింది కానీ చేతికి ఆ సంగతి తెలియదు. ఒకప్పుడు తెల్లారకముందే బర్రెలను పిండి, సైకిలుకు క్యాన్లు కట్టుకుని సైదాబాద్ దాకా తొక్కేవాడు. "పాలూ" అని ఒక్క కేక వేస్తే గల్లీ చివరింటి గిన్నె కూడా గుమ్మంలోకి వచ్చేది. ఆ బర్రెల కొట్టంలో ఇప్పుడు స్కూటర్లు పెడుతున్నారు. ఆయనకు మాత్రం అక్కడ ఇంకా తౌడు వాసనే వస్తుంది. నాలుగు మెట్లెక్కితే ఛాతీలో పిల్లికూతలు. అందుకే నెలకోసారి ఆసుపత్రికి వెళ్లి, పొగ మానినవాళ్ల ఊపిరితిత్తుల కోసం పరీక్షిస్తున్న కొత్త యాంటీబాడీ సూది వేయించుకుంటాడు. ఆ పరీక్షలో సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికేది పడుతోందో సూది వేసే నర్సు హరిప్రియకూ తెలియదు.

నిన్న ఆమె సూది గుచ్చబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "నిజం చెప్పు బిడ్డా, గిది మందా, నీళ్లా?"

"ఒట్టు బాబాయ్, నాకూ తెలియదు."

మొగులయ్య ఆయాసం వచ్చేదాకా నవ్వాడు. "నలభై ఏండ్లు సైదాబాదు ఆడోళ్లు గిన్నె పట్టుకొని నన్ను గిదే అడిగిన్రు. నేను గూడ గిట్లనే ఒట్టేసిన."

"మరి కలిపేవారా?"

చెయ్యి మళ్లీ చెవి మీదికి పోయింది. "ఎండాకాలం... జరంత." చొక్కా పైకెత్తి పొట్ట చూపించాడు. "నువ్వు గుచ్చు బిడ్డా. ఆళ్లు గూడ తెలిసే పోయించుకున్నరు."