గిడియోన్ ఇంట్లో కృతజ్ఞత కూడిక

గోదావరిఖనిలో మావాళ్లలో ఎవరింట్లో ప్రార్థన కూడిక జరిగినా చివరి ప్రార్థన సుసన్నక్కదే. గని దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఆమె మోకరిస్తే దేవుడు వింటాడని మా కాలనీకి నమ్మకం. కాన్పు కష్టమైనా, షిఫ్టుకు పోయినవాడు వేళకు తిరిగి రాకపోయినా ముందు ఆమె తలుపే కొడతాం.

ఆ ఆయా ఉద్యోగం ఆమెకు ఊరికే రాలేదు. భర్త ఆమోసు గనిలో జారిపడి మోకాలు విరిగి అన్‌ఫిట్ అయితే, ఆయన బదులు ఆమెను తీసుకున్నారు. ఆ రోజు ఆయన తొడుక్కున్నవి, మా సంఘంవాడే అయిన కాంట్రాక్టరు గిడియోన్ గనికి సప్లై చేసిన బూట్లు. నాలుగు రోజులు నీళ్లలో నానితే అడుగు ఊడిపోయే రకం. గిడియోన్‌కు ఏమీ కాలేదు. ఇలాంటివాళ్లకు ఎప్పుడైనా ఏమైనా అయిందా?

ఇప్పుడు సరిహద్దులో యుద్ధం మొదలైంది. సుసన్నక్క కొడుకు యేసుబాబు అక్కడే జవాను. గిడియోన్‌కేమో సైన్యానికి బూట్లు సప్లై చేసే కాంట్రాక్టు దొరికింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. వీడు నిప్పడగడంతో ఆగలేదు, కృతజ్ఞత కూడిక పెట్టి బిర్యానీ కూడా వండించాడు. సిగ్గులేకుండా అక్కను తానే వచ్చి పిలిచాడు.

"వాని ఇంటికి పోతవా అక్కా?" అని మండిపడ్డాను.

"ప్రార్థనకు పిలిస్తె పోకుంటె ఎట్ల చెల్లె?" అంది.

పాటలయ్యాక గిడియోన్ లేచి సాక్ష్యం చెప్పాడు. "దేవుడు నా మీద దయ చూపిండు. ఈ లడాయి ఇంకో ఏడాది నడిస్తె రెండో ఫ్యాక్టరీ పెడ్త. అక్కా, జర గట్టిగ ప్రార్థన చెయ్యి."

నాకు ఒళ్లు మండింది. సుసన్నక్క కొంగు తలమీదికి లాక్కుని మోకరించింది.

"తండ్రీ, ఈ లడాయి ఇయ్యాల్నే ఆపు. నా కొడుకును ఇంటికి తోలు. వాని కాళ్లకు ఇసొంటి బూట్లు తొడగనియ్యకు. ఆమోసు కాలు నువ్వు చూసినవు. మందిని చంపే లడాయి పైస ఈ ఇంట్ల నిలవనియ్యకు. యేసు నామంల అడుగుతున్న, ఆమెన్."

"ఆమెన్!" గదంతా గట్టిగా అంది. గిడియోన్ భార్య గ్లోరియా కూడా అంది. గిడియోన్ మాత్రం నోరు తెరవలేదు.

అక్క మోకాళ్ల మీద నుంచి లేవలేదు. తల తిప్పి అతని ముఖంలోకి చూసింది.

"ఏంది తమ్మీ, నువ్వు ఆమెన్ అనవా? నా కొడుకు ఇంటికి రావద్దా?"